ముందు బ్రేకు, తర్వాతే సోకు

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో చదివినవాళ్లలో డాక్టర్లున్నారు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లున్నారు, దేశం దాటి వెళ్లినవాళ్లున్నారు. నేను పదో తరగతి అయ్యాక ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు చేసి, అప్పటినుంచి పానాలతోనే బతుకుతున్నవాణ్ని. "నువ్వు కూడా ఏదో ఒకటి మాట్లాడాలె" అని కార్యదర్శి గారు అంటే, నాకు బండ్లు తప్ప ఇంకోటి తెలియదన్నాను. "అదే మాట్లాడు" అన్నారు. కాబట్టి ఈ అరగంట మీరు గ్రీజు వాసన భరించాలి.

ఈ విషయమే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మన బ్యాచ్ మిత్రులు నలుగురు కలిసి వాడిన టాటా సఫారీ ఒకటి కొన్నారు. అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ రకం. వాళ్లలో ఇద్దరు డాక్టర్లు. ఉట్నూరు, నార్నూరు వైపు గూడేల్లో నెలకోసారి వైద్య శిబిరం పెడుతుంటారు. బండిని నా షెడ్డుకు తెచ్చి ఒకటే ప్రశ్న అడిగారు: "వానాకాలంలో వాగు దాటాలంటే దీనికి ఏమేం చేయించాలె?"

చేతిలో రాసుకొచ్చిన పట్టీ కూడా ఉంది. బండిని నాలుగు అంగుళాలు ఎత్తాలి. పెద్ద టైర్లు వేయాలి. ముందు ఇనుప గార్డు, నెత్తిమీద లైట్ల వరుస, పక్కన స్నార్కెల్ గొట్టం. ఈ మధ్య ఇలాంటి పట్టీ పట్టుకొని షెడ్లకు వచ్చే కుర్రాళ్లు చాలామంది. ఆ పట్టీల్లో ఎంత వెతికినా బ్రేకుల మాట ఉండదు. మేము ఆ పట్టీని ఎలా తిరగరాశామో, ఎందుకు తిరగరాశామో చెప్పడమే నా ప్రసంగం.

మన నేల, మన జీపులు

2016లో జిల్లాలు విడిపోయాయి గానీ, బండి చక్రానికి జిల్లాలు తెలియవు. నేల ఒక్కటే తెలుస్తుంది. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ కలిపి చూస్తే నా లెక్కలో మూడు రకాల నేల. ధర్మపురి, మంథని దగ్గర గోదావరి ఇసుక. జైనథ్, బేల వైపు పత్తి పండే నల్లరేగడి. కెరమెరి, ఉట్నూరు వైపు రాళ్ల ఘాట్లు, వాటి మధ్య లెక్కలేనన్ని వాగులు. ఇసుకలో నడిచే పద్ధతి రేగడిలో పనికిరాదు. రేగడిలో పనికొచ్చే టైరు రాళ్ల మీద తొందరగా అరుగుతుంది. "ఆఫ్ రోడ్ బండి" అని ఒక్కమాటలో అంటాం గానీ, ఎక్కడి ఆఫ్ రోడ్డో ముందు చెప్పాలి.

ఇలాంటి దారుల్లో బండి నడపడం మనకు కొత్త కాదు. మహీంద్రా వాళ్లు నలభైల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత అటవీ శాఖ అన్నా, రెవెన్యూ అన్నా, పోలీసులన్నా జీపే గుర్తొచ్చేది. పాత పెట్రోలు జీపులకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించడం మా షెడ్లకు పెద్ద పని. తొంభైల్లో బస్సు పోని దారికి కమాండర్ జీపే బస్సు. లోపల పదిమంది, వెనక వేలాడేవాళ్లు ఇంకో పదిమంది. వాటిలో చాలావరకు ఫోర్ బై ఫోర్ కూడా కావు, వెనక చక్రాలతోనే నడిచేవి. అయినా ఏజెన్సీ అంతా తిరిగాయి. ఎందుకంటే డ్రైవరుకు ప్రతి వాగు స్వభావం తెలుసు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ ఊబి ఉందో, ఏ వాన తర్వాత ఎంతసేపు ఆగాలో తెలుసు. దిగి, ప్యాంటు పైకి మడిచి, కర్రతో చూసుకొని గానీ దిగేవాడు కాదు.

టాటా సుమో 1994లో, సఫారీ 1998లో వచ్చాయి. ఇప్పుడు ఆ తరం బండ్లు చేతులు మారి తక్కువ ధరకు దొరుకుతున్నాయి. బలమైన చాసిస్ ఫ్రేము మీద కట్టిన బండ్లు కాబట్టి, మనసు పెట్టి బాగుచేస్తే ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి. అయితే తక్కువ ధరకు దొరికిందంటే, మిగతా ధర షెడ్డులో కట్టాలని అర్థం.

కొనేముందు చూడాల్సినవి

ఫోర్ బై ఫోర్ బండి కొంటే ముందు కిందికి వంగి చూడండి. ముందు యాక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు ఉందా? నవ్వకండి. డీజిల్ ఆదా అవుతుందని దాన్ని విప్పి పక్కన పడేసిన బండ్లు చాలా చూశాను. షాఫ్టు ఉన్నా, ఏళ్ల తరబడి ముందు చక్రాలకు బలం ఇవ్వకపోతే లోపల పట్టేసి ఉంటుంది. మట్టి నేల మీదికి తీసుకెళ్లి ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేసి నడిపి చూడాలి. తారురోడ్డు మీద కాదు. కారణం తర్వాత చెబుతాను.

తర్వాత చాసిస్. మట్టి ఇరుక్కునే మూలల్లో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. రేగడి మట్టి తేమను పట్టుకొని ఉంటుంది, దాని కింద ఇనుము చప్పుడు లేకుండా తుప్పు పడుతుంది. పైన కొత్త నల్లరంగు మెరుస్తుంటే ఇంకా అనుమానంగా చూడాలి.

వరదలో మునిగిన బండిని పట్టుకోవడం సులభం. సీటు బెల్టును చివరిదాకా లాగండి. బయటికి కనిపించే నాలుగు అడుగులు కడుగుతారు గానీ, చుట్టలో దాగిన భాగం ఎవరూ కడగరు. అక్కడ బురద చార ఉంటే ఆ బండికి దండం పెట్టి రండి.

ఇంజిన్ స్టార్టు చేసి పొగ చూడండి. ఎంతసేపటికీ నల్లపొగ తగ్గకపోతే నాజిళ్లో, గాలి ఫిల్టరో, టర్బోనో చూడాలి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే లోపలికి నీళ్లు వెళ్తున్నాయేమో చూసుకోవాలి. ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే బోరు అరిగినట్టే. కిలోమీటర్ల మీటరును నమ్మకండి, బ్రేకు పెడలు రబ్బరు ఎంత అరిగిందో చూడండి. మీటరును తిప్పినవాడు పెడలును మరిచిపోతాడు.

కాగితాలు కూడా బండిలో భాగమే. మన సరిహద్దు పక్కనే మహారాష్ట్ర కాబట్టి చంద్రాపూర్, యవత్మాల్ వైపు నుంచి బండ్లు వస్తుంటాయి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28, చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. ఇక్కడ కట్టాల్సిన పన్ను కూడా కలుపుకొని లెక్క వేసుకోండి. ఫైనాన్సు ఉంటే తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకు 29, 30 ఫారాలు కావాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పరీక్ష చేయించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇంజిన్ మార్చిన బండి అయితే ఆర్‌సీలో ఉన్న నంబరూ ఇంజిన్ మీదున్న నంబరూ ఒకటేనా అని తప్పకుండా చూడాలి.

పది రూపాయల లెక్క

మిత్రులకు నేను చెప్పిన లెక్క ఇది. మీ దగ్గర పది రూపాయలుంటే ఏడు రూపాయలు రిపేరుకు, రెండు రూపాయలు టైర్లకు, ఒక్క రూపాయి మాత్రం కొత్తగా పెట్టేవాటికి. వాళ్ల పట్టీలో ఇది పూర్తిగా తలకిందులుగా ఉంది.

మొదటి పని బ్రేకులు. ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక లైనింగులు, డ్రమ్ములు, రబ్బరు గొట్టాలు అన్నీ చూశాం. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన ఆయిలు ఘాటు దిగేటప్పుడు వేడికి మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని నొక్కితే అది నలుగుతుంది తప్ప బ్రేకు పట్టదు. కెరమెరి ఘాట్లో పెడలు నేలకు తగిలితే నెత్తిమీద ఎన్ని లైట్లున్నా దారి కనిపిస్తుందే తప్ప బండి ఆగదు. అందుకే పాత ఆయిలంతా తీసేసి కొత్తది పోశాం. రెండేళ్లకోసారి ఎవరైనా చేయించాల్సిన పని ఇది.

రెండోది స్టీరింగు. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, వీల్ బేరింగులు. జాకీ మీద చక్రం లేపి పైనా కిందా పట్టుకొని ఊపితే లూజు తెలిసిపోతుంది. మూడోది చల్లబడే ఏర్పాటు. ఆదిలాబాదులో మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో ఫోర్ లోలో నెమ్మదిగా ఘాటు ఎక్కుతుంటే రేడియేటర్‌కు బయటినుంచి గాలి తగలదు, ఫ్యానే దిక్కు. రేడియేటర్ విప్పి కడిగించి, హోసులు మార్చి, ఫ్యాను సరిగా తిరుగుతోందో లేదో చూశాం. టైమింగు బెల్టు ఉన్న ఇంజిన్ అయితే పాత ఓనరు ఏం చెప్పినా బెల్టు మార్చేయండి. అది తెగితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకొని, బెల్టు ధరకు పదింతలు ఇంజిన్‌కు పెట్టాలి.

నాలుగోది ఆయిళ్లు. ఇంజిన్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియళ్లు, ఐదు చోట్లా కొత్తవి పోశాం. వెనక డిఫరెన్షియల్ విప్పితే ఆయిలు పాలు పోసిన కాఫీలా వచ్చింది. అంటే నీళ్లు చేరాయి. దీనికి కారణం గురువులు చెప్పిన పాఠంలోనే ఉంది. బండి నడుస్తుంటే హౌసింగు వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అలాంటి వేడి హౌసింగు చల్లని వాగులో మునిగితే గాలి ఒక్కసారిగా సంకోచించి, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. ఊపిరి తీసుకునే చిన్న గొట్టం, బ్రీదరు అంటాం, దాన్ని రబ్బరు పైపుతో బానెట్ దాకా పైకి తెస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇది చేయడానికి పెట్టిన ఖర్చు మీరంతా ఒకసారి చాయ్ తాగే ఖర్చు. నా ఉద్దేశంలో ఆ బండికి చేసిన మార్పుల్లో ఇదే అన్నిటికంటే విలువైనది, కానీ ఇది ఫొటోలో కనబడదు.

ఐదోది సస్పెన్షన్. సఫారీకి వెనక కాయిల్ స్ప్రింగులు, ముందు టార్షన్ బార్లు. ఏళ్ల బరువుకు వెనక స్ప్రింగులు కుంగిపోయాయి. కొత్తవి, కంపెనీ కొలతవే వేశాం. షాకబ్జార్బర్లు, బుష్షులు మార్చాం. బండి తన అసలు ఎత్తుకు లేచింది. మిత్రులు చుట్టూ తిరిగి చూసి, "ఎన్ని అంగుళాలు లిఫ్టు చేశావు?" అన్నారు. లిఫ్టు ఏమీ లేదు, పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకున్నాం అంతే అన్నాను.

ఎత్తు, టైరు, గార్డు

ఇక పట్టీలో ఉన్నవాటి సంగతి. నాలుగు అంగుళాలు ఎందుకు ఎత్తొద్దన్నానంటే, ఎత్తిన బండి గురుత్వ కేంద్రం పైకి పోతుంది, మలుపులో పల్టీ కొట్టే గుణం పెరుగుతుంది. ముందు యాక్సిల్ జాయింట్లు వంపు ఎక్కువై తొందరగా పోతాయి. బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. కొన్ని బండ్లలో వెనక యాక్సిల్‌కూ చాసిస్‌కూ మధ్య చిన్న కడ్డీతో ఒక వాల్వు ఉంటుంది. బండిలో బరువు ఎక్కితే చాసిస్ కిందికి దిగుతుంది, దాన్ని బట్టి ఆ వాల్వు వెనక బ్రేకు బలం పెంచుతుంది. బండిని ఎత్తితే అది "బండి ఖాళీగా ఉంది" అనుకొని వెనక బ్రేకు తగ్గిస్తుంది. ఎనిమిది మంది కూర్చున్నా ఖాళీ బండి బ్రేకే.

టైర్ల విషయం లెక్కతో చెప్తాను. పాత సఫారీ టైరు 235/75 ఆర్ 15. దాని వ్యాసం సుమారు 733 మిల్లీమీటర్లు. కుర్రాళ్లు అడిగే 31 అంగుళాల టైరు 787 మిల్లీమీటర్లు. తేడా 54. కానీ యాక్సిల్ లేచేది అందులో సగమే, 27 మిల్లీమీటర్లు, అంటే ఒక బొటనవేలి వెడల్పు. దానికోసం గేర్లు ఏడు శాతం బరువెక్కుతాయి, మీటరు 60 చూపిస్తుంటే బండి 64లో పోతుంది, అదే బ్రేకు ఇంకా బరువైన చక్రాన్ని ఆపాలి. అందుకే కంపెనీ సైజులోనే, బరువు మోసే సంఖ్య తగ్గకుండా, ఆల్ టెరైన్ రకం ఐదు టైర్లు ఒకేసారి వేశాం. ఐదోది స్టెప్నీకి. ఫోర్ బై ఫోర్ బండికి నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి.

ముందు ఇనుప గార్డు వద్దేవద్దన్నాను. వాటిని పెట్టడం చట్టవిరుద్ధమని, చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దినప్పుడు నలిగి దెబ్బ తీసుకోవాల్సిన భాగాన్ని అది నలగనివ్వదు. దెబ్బ నేరుగా చాసిస్‌కూ, లోపలున్నవాళ్లకూ పోతుంది. ఎదురుగా ఉన్న మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. ఇక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారుచేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఏ మార్పు చేయాలన్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర రాతలో అడగండి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ ఆగిపోతే ఏ షెడ్డువాడూ మీ వెంట రాడు.

కొత్తగా పెట్టినవి ఇవే: ముందూ వెనకా చాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కాలు గట్టివేనా అని చూసి బోల్టులు మార్చాం. సాగే గుణమున్న లాగుడు పట్టీ, బరువు రాసున్న రెండు షాకిళ్లు, పార, టైరు గాలి మీటరు, చిన్న కంప్రెసరు, జాకీ కింద వేయడానికి మందమైన చెక్క. రేగడిలో చెక్క లేకుండా జాకీ వేస్తే బండి లేవదు, జాకీ భూమిలోకి దిగుతుంది. ఇనుప గొలుసుతో మాత్రం జర్రుమని లాగకండి. తెగిన గొలుసు తుపాకి గుండుకు తక్కువేమీ కాదు. లాగేటప్పుడు పట్టీ మీద గొంగడి వేయండి, చూడటానికి వచ్చిన పిల్లల్ని దూరంగా పంపండి.

నడిపే పద్ధతి

ఇందాక తారురోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేయొద్దన్నాను. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. ఈ పాతరకం బండ్లలో రెంటినీ ఒకే లెక్కన కట్టేస్తాం. మట్టి మీదైతే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ బిగువంతా షాఫ్టులో, గేర్లలో చేరి ఏదో ఒకటి విరుగుతుంది.

ఫోర్ లో వేస్తే చక్రం దగ్గర బలం దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది, వేగం అంతమేరకు తగ్గుతుంది. ఘాటు దిగేటప్పుడు ఫోర్ లో మొదటి గేరులో వదిలితే ఇంజినే బండిని పట్టుకుంటుంది. ఇరుక్కున్నాక వేయడం కాదు, దిగకముందే వేయాలి.

గోదావరి ఇసుకలో మామూలుగా 32 ఉండే గాలిని 18, 20కి దించితే టైరు చదునై అడుగు పొడవు పెరుగుతుంది, ఒంటె కాలులా ఇసుక మీద తేలుతుంది. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి, అందుకే కంప్రెసరు. రేగడిలో ఈ ఉపాయం అంతగా పారదు. రేగడి టైరు గాడుల్లో నిండిపోయి, కాసేపటికి మీ టైరు గుండు గీయించుకున్నట్టు నున్నగా అవుతుంది. రేగడికి మంచి మందు ఎండ. వాన వెలిశాక ఒక పూట ఆగితే పైపొర ఆరుతుంది. పొలాలకు అడ్డంపడి పోవడం మాత్రం వద్దు. మన చక్రాల గాడి ఇంకొకరి పత్తి చాలు.

అడవి గురించి ఒక్కమాట. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. అనుమతి ఉన్న దారి వదిలి అక్కడ బండి తిప్పితే అది సాహసం కాదు, నేరం.

వాగు దగ్గర ఆర్కిమెడిస్

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. వాగు దాటుతుందా?

సైన్సు సార్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి నా లెక్క తప్పయితే దిద్దాలి. ఖాళీ సఫారీ సుమారు రెండు టన్నులు. బండి అడుగును పొడవు నాలుగు మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు ఉన్న పెట్టె అనుకుందాం. వైశాల్యం 6.4 చదరపు మీటర్లు. నీళ్లు ఆ అడుగు దాటి ప్రతి పది సెంటీమీటర్లు పెరిగినప్పుడల్లా 640 లీటర్ల నీళ్లు పక్కకు జరుగుతాయి. అంటే 640 కిలోల బరువు తగ్గినట్టు. ముప్పై సెంటీమీటర్లు పెరిగితే 1,920 కిలోలు. రెండు టన్నుల బండి దాదాపు తేలిపోయింది. అడుగు నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, మొత్తం నీళ్లు 70 సెంటీమీటర్లు, మనిషి తొడ దాకా. తలుపులు ఎంత గట్టిగా మూసుకుంటే అంత బాగా తేలుతుంది.

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. బరువు సగం తగ్గినప్పుడే టైరు పట్టు సగం పోతుంది. పక్కనుంచి తోసే నీటి బలం వేగం రెట్టింపైతే నాలుగింతలు అవుతుంది. అందుకే రెండు అడుగుల పారే నీళ్లు చాలావరకు ఏ బండినైనా తీసుకుపోతాయని ప్రపంచమంతా హెచ్చరిస్తారు. చిన్న కారుకు ఒక అడుగే ఎక్కువ.

ఇప్పుడు పట్టీ చూడండి. నాలుగు అంగుళాలు ఎత్తితే దొరికేది పది సెంటీమీటర్లు. కొండల్లో వాన పడితే వాగు ఆ పది సెంటీమీటర్లు పెరగడానికి ఎంతసేపు పడుతుంది? మనం ఒడ్డున నిలబడి వాదించుకున్నంతసేపు. స్నార్కెల్ ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా కాపాడుతుంది, నిజమే. నీళ్లు నలగవు కాబట్టి సిలిండర్లోకి చేరితే కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి. కానీ స్నార్కెల్ ఇంజిన్‌ను కాపాడుతుంది, మనిషిని కాదు. కొట్టుకుపోయే బండిలో ఇంజిన్ నడుస్తూ ఉంటే ఎవరికి లాభం?

2022 జులై వరదలు మీకందరికీ గుర్తే. కడెం ప్రాజెక్టు నిలుస్తుందా లేదా అని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు. అదే వరదల్లో మన పాత కరీంనగర్ జిల్లాలో వార్త కోసం వెళ్లిన ఒక విలేకరి కారుతో సహా వాగులో కొట్టుకుపోయి చనిపోయారు. ఇలాంటి చోట్ల నీళ్ల కింద రోడ్డు ఉందో లేదో కనబడదు. లో లెవెల్ వంతెన అంచు ఎక్కడో, తారు ఎక్కడ కోసుకుపోయిందో ఎవరికీ తెలియదు.

అందుకే మిత్రులతో ఒక నియమం రాయించి స్టీరింగు పక్కన అతికించాను. నిలిచిన నీళ్లయితే, అడుగు తెలిస్తే, చక్రం నడిమి దాకా. పారే నీళ్లయితే, అడుగు కనిపించకపోతే, ఆగు. బండి ఎవరిదైనా, లోపల ఎవరున్నా ఇదే నియమం. దాటిన తర్వాత కొంతదూరం బ్రేకు మెల్లగా నొక్కుతూ పోవాలి, తడిసిన లైనింగు ఆరేదాకా బ్రేకు సరిగా పట్టదు.

ఈ వానాకాలంలో ఆ సఫారీ రెండుసార్లు వాగు ఒడ్డున ఆగింది. ఒకసారి మూడు గంటల్లో వాగు తగ్గింది, దాటి వెళ్లారు. కొండవాగు ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. రెండోసారి తగ్గలేదు. అవతలి ఒడ్డున ఉన్న ఆశా కార్యకర్తకు ఫోను చేసి ఎవరికి ఏ మాత్ర ఇవ్వాలో చెప్పి, మర్నాడు రమ్మని తిరిగొచ్చారు. బండి బాగుంది, మనుషులు బాగున్నారు, మర్నాడు శిబిరం జరిగింది.

ఆ తర్వాత డాక్టర్లు ఇంకో మార్పు చేశారు, అది బండికి కాదు, క్యాలెండరుకు. వాగు అవతలి గూడేలకు బీపీ, షుగరు మందులు మృగశిర రాకముందే నెలలకు సరిపడా చేర్చడం, వానలు ముదరకముందే నెలలు నిండబోయే తల్లులను ఉట్నూరుకు తీసుకురావడం. గర్భిణిని మంచం మీద మోసుకొని వాగు దాటించారనే వార్త ఇప్పటికీ ప్రతి వానాకాలం పేపర్లో చదువుతున్నాం. దానికి మందు ఎత్తు పెంచిన బండి కాదు. వాగు మీద వంతెన కావాలి, అది వచ్చేదాకా వాగు పొంగకముందే కదిలే తెలివి కావాలి. మంచి స్థితిలో ఉన్న పాత బండి ఆ తెలివికి చెయ్యందిస్తుంది, అంతవరకే.

చివరగా గురువులకు ఒక మనవి. నేను ఇప్పుడు చెప్పినదాంట్లో వ్యాకోచం ఉంది, ఘర్షణ ఉంది, గురుత్వ కేంద్రం ఉంది, ఆర్కిమెడిస్ ఉన్నాడు. ఇవన్నీ నాకు ఈ బడిలోనే చెప్పారు. పిల్లలకు ఇవి చేత్తో పట్టుకొని చూసే అవకాశం కావాలి. మా షెడ్డులో పాత సుమో డిఫరెన్షియల్ ఒకటి ఉంది. దాన్ని సగానికి కోసి, గేర్లు తిరిగేటట్టు స్టాండు మీద పెట్టి, రంగు వేయించి మన బడి ల్యాబుకు తెచ్చి ఇస్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఏ శనివారమైనా షెడ్డుకు రావచ్చు, అమ్మాయిలు కూడా. పానా పట్టుకోవడం నేర్పిస్తాను. బట్టలు మాత్రం పాతవి వేసుకొని రావాలి.